డాక్టర్లను ముక్కలు చేసిన మరదలు

మా మరదలు మా వంటింటి బల్ల మీద ఇరవై ఇద్దరు డాక్టర్లను కత్తెరతో ముక్కలు ముక్కలుగా కోసింది. ఒక్కరికి కూడా మత్తు ఇవ్వలేదు. కోయించుకున్నవాళ్లంతా మర్నాడు ఎప్పటిలాగే డ్యూటీకి వచ్చారు.

ఇందులో కొంత వెనక్కి తీసుకుంటాను. ఆవిడ కోసింది డాక్టర్లను కాదు, వాళ్ల తలుపుల మీద ఇంగ్లీషులో రాసి ఉండే విభాగాల పేర్లను. ఇరవై రెండు కూడా నేను కాస్త పెంచిన లెక్కే. పందొమ్మిదని మా ఆవిడ అంటుంది, ఆవిడ ఏ లెక్కలోనైనా పిసినారి. కత్తెర మాత్రం నిజం. బల్ల నిజం. బల్ల మీద గీతలు ఇప్పటికీ ఉన్నాయి, నమ్మనివాళ్లు వచ్చి చూసుకోవచ్చు.

మరదలంటే మా ఆవిడకు ఒక్కగానొక్క చెల్లెలు. పెద్దాసుపత్రిలో ఆయా. ఆమెను అక్కడ అందరూ గంటమ్మ అంటారు, గొంతు అలాంటిది. మైకులు లేని రోజుల్లో కింది అంతస్తు హాల్లో నిలబడి రోగుల నంబర్లు పిలిచేది. “పన్నెండో నంబరూ!” అని ఆవిడ పిలిస్తే పన్నెండో నంబరు రోగితోపాటు రోడ్డుకు అవతల మంగలి షాపులో సగం గడ్డం గీయించుకున్న మనిషి కూడా లేచి నిలబడేవాడు. ఇది కళ్లారా చూశాను. ఆ సగం గడ్డం నాదే.

పిలవడం ఆవిడ పనిలో చిన్న భాగం. అసలు పని స్ట్రెచర్లు తోయడం. ఆసుపత్రికి లిఫ్టు ఒకటే, అది కూడా వారానికి నాలుగు రోజులు రోగిలాగే పడి ఉండేది. మిగతాదంతా వాలుదారి. పందొమ్మిదేళ్లు ఆ వాలుదారిలో మనుషులను పైకి తోసీ, కిందికి జారిపోకుండా పట్టుకునీ, ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి. ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము దీపానికి అడ్డంగా పెట్టి చూసి, “గంటమ్మా, ఇంకో ఏడాది తోశావంటే నిన్ను ఎవరో తోయాలి,” అన్నాడు. కూర్చుని చేసే పనేదీ ఆయాలకు ఉండదు. పని మానేసి ఇంట్లో కూర్చోవడమంటే ఆవిడ దృష్టిలో బతికుండగానే గోడకు ఫొటో అయి వేలాడటం.

సరిగ్గా ఆ రోజుల్లోనే ‘అన్నా’ గొడవ జరిగింది.

ఆసుపత్రికి కొత్తగా మత్తు డాక్టరు వచ్చాడు. ఎక్కడి నుంచో వచ్చిన మనిషి, మన భాష ఒక్క మాట రాదు. ఒకరోజు పొద్దున ఆపరేషను బల్ల మీద రోగి సిద్ధంగా ఉన్నాడు, కత్తి పట్టుకుని సర్జనుగారు సిద్ధంగా ఉన్నారు, మత్తు డాక్టరే లేడు. గంటమ్మను పిలవమన్నారు. ఆవిడ హాలు మధ్యలో నిలబడి, ఇంగ్లీషులో మత్తు డాక్టరును ఏమంటారో ఆ మాటను మనం ఏ మాటనైనా అన్నట్టే తల దగ్గర గట్టిగా పట్టుకుని అంది. “ఆనాస్థటిస్ట్! ఆనాస్థటిస్ట్!”

మత్తు డాక్టరు పక్కనే క్యాంటీనులో టోస్టు తింటున్నాడు. విన్నాడు. చెవిన పడ్డది ఆనా ఒక్కటే, దాంతో ఎవరో అన్నా అనే పేరుగల ఆవిడ తప్పిపోయిందనుకున్నాడు. రెండోసారి పిలిచినప్పుడు జాలిపడ్డాడు. మూడోసారి పిలిచినప్పుడు టోస్టు పక్కన పెట్టి, పాపం ఆ అన్నా ఎక్కడుందోనని బల్లల కింద కూడా వెతికాడట. ఈ చివరి మాట నేను కలిపిందే. ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యమైన మాట మాత్రం నిజం.

సర్జనుగారు ముక్కు గుడ్డ విప్పకుండానే కిందికి దిగివచ్చి, అందరి ముందూ, “పిలవడం రాని మనిషిని పిలవడానికి పెట్టిందెవరు?” అని అరిచారు.

గంటమ్మ తలొంచుకుని స్ట్రెచరు వైపు నడిచింది. గంట మోగకపోవడం ఆసుపత్రి అదే మొదటిసారి వినడం.

వారం తిరగకుండా సూపరింటెండెంటుగారు నోటీసు అంటించారు. ఆవిడ తక్కువ మాట్లాడే పెద్ద డాక్టరమ్మ. హాలు మూలన ఒక అద్దాల గది, అందులో ఒక మైకు, ఒక కుర్చీ. ఆ కుర్చీలో కూర్చోదలచినవాళ్లు నాలుగు వారాల తర్వాత పరీక్షకు రావాలి. ఆసుపత్రిలో ఉన్న విభాగాల పేర్లన్నీ వినేవాళ్లకు తెలిసేలా పిలవాలి. ఇంగ్లీషు అక్షరాలు చదవగలిగితే చాలు, ఉద్యోగం ఏదైనా ఫరవాలేదు.

తొమ్మిదిమంది పేర్లిచ్చారు. పేర్ల జాబితా చేతికొచ్చాక ఏడుగురు వెనక్కి తగ్గారు. మిగిలినవాళ్లు ఇద్దరు. గంటమ్మ ఒకరు, రికార్డు గది గుమాస్తా ఒకరు. అతన్ని టైపురైటరు అని పిలిచేవాళ్లు. ఏ మాటన్నా టకటకటకా అన్ని అక్షరాలూ ఒకే బరువుతో కొట్టినట్టు మాట్లాడతాడు, ఎక్కడా ఆగడు.

“ఎనిమిదో క్లాసు చదువుకి గ్యాస్ట్రోఎంటరాలజీ ఎందుకు గంటమ్మా? హాయిగా మోకాళ్లకి నూనె రాసుకో,” అన్నాడు టైపురైటరు.

“నూనె నీకే కావాలి నాయనా. నీ మిషను మోత ఎక్కువైంది,” అంది గంటమ్మ.

అక్కడ అలా అని, సాయంత్రం మా ఇంటికొచ్చి కుర్చీలో కూలబడింది. “బావా, నువ్వు కాన్వెంటులో చదివావుగా. ఈ మాటలు ఎలా పలకాలో చెప్పు.”

కాన్వెంటులో నాకు ఇంగ్లీషు చెప్పిన సిస్టరు చేతిలో ఎప్పుడూ ఒక చెక్క స్కేలు ఉండేది. మాటలో బరువు తప్పితే స్కేలు వేళ్ల మీద పడేది. ఏ వేలి మీద పడిందో గుర్తుంది, ఏ మాటకు పడిందో గుర్తులేదు. ఈ సంగతి మరదలికి చెప్తామా? “దానిదేముంది,” అన్నాను.

ఒక్క మంచి పని మాత్రం చేశాను. సిస్టరు నేర్పిన గడ్డం లెక్క చెప్పాను. గడ్డం కింద అరచెయ్యి పెట్టుకుని మాట నెమ్మదిగా అనాలి. గడ్డం ఎన్నిసార్లు చేతిని తాకితే మాటలో అన్ని ముక్కలు. గంటమ్మకు ఇది తెగ నచ్చింది. జాబితాలోని మాటలను కాగితం పట్టీల మీద పెద్ద అక్షరాలతో రాసి, గడ్డంతో కొలిచి, కత్తెరతో కోసి, బల్ల మీద వరసగా పేర్చింది. కార్డియాలజీ అయిదు ముక్కలు. న్యూరాలజీ నాలుగు.

“ముక్కలయ్యాయి. ఇప్పుడు బరువెక్కడ?” అంది.

ఆవిడే ఒక దారి తీసింది. ఎనిమిదో క్లాసులో తెలుగు మాస్టారు పద్యాలకు గురువులూ లఘువులూ గుర్తించడం నేర్పారట. దీర్ఘం గురువు, సంయుక్తాక్షరం ముందున్నది గురువు, మిగతావి లఘువులు. గురువుకు బరువుంటుంది కదా, ఇంకేం కావాలి? సెలవు రోజు మధ్యాహ్నమంతా కూర్చుని గుండె విభాగం నుంచి మూత్రపిండాల విభాగం దాకా అన్ని పేర్లకూ గురులఘువులు గుర్తించేసింది. కార్డియాలజీలో ముగ్గురు గురువులు తేలారు. ముగ్గురికీ సమానంగా బరువేసి, లేచి నిలబడి పిలిచింది.

మా ఆవిడ గరిటెతో బయటికొచ్చింది. “ఏమిటే, డాక్టర్ని పిలుస్తున్నావా, పద్యం చదువుతున్నావా?”

“పిలుస్తున్నానక్కా.”

“నేనైతే రాను. తర్వాతి పాదం కోసం కూర్చుంటాను.”

గంటమ్మ నవ్వింది కానీ, మర్నాడు స్ట్రెచరు తోస్తూ మత్తు డాక్టరు మాటలే వింది. సాయంత్రం వచ్చి, “బావా, తప్పెక్కడో తెలిసింది. మన మాటలో ఎంతమంది గురువులైనా సర్దుకుని కూర్చుంటారు. వాళ్ల మాటలో పెద్ద కుర్చీ ఒక్కటే. ఒకరు కూర్చుంటే మిగతావాళ్లు గోడకి ఆనుకుని నిలబడాల్సిందే. ఆయన ఒక్క ముక్క గట్టిగా అంటాడు, మిగతావి నమిలి మింగేస్తాడు. ఆ కుర్చీ ఎక్కడుందో ఏ పుస్తకంలోనైనా రాసుంటుందా?” అంది.

నా డిక్షనరీ తీశాను. కాన్వెంటు బహుమతి. ఇచ్చింది ఇంగ్లీషుకు కాదు, గోనెసంచిలో దిగి గెంతే పందేనికి. గంటమ్మ పేజీ తిప్పి, కళ్లజోడు ముక్కు మీదికి లాక్కుని చూసి, “ఈ చుక్కలేమిటి?” అంది.

“ఈగలు చేసిన పని. పాత పుస్తకం కదా.”

“ప్రతి మాట మీదా ఒక్కొక్క ఈగే వాలిందా? అదీ నడిమధ్యన?”

అరవై ఏళ్లుగా నేను ఈగల ఖాతాలో వేసినవి బరువు చెప్పే గీతలు. మాట మధ్యలో పైన చిన్న నిలువు గీత. తెలియదని ఒప్పుకోవడం నా ఒంటికి పడదు కాబట్టి వెంటనే, “ఆఁ, నువ్వు వెతికే బరువు గుర్తులు అవే. ఫుల్‌స్టాప్ లాగా, ఏ ముక్క చివర గీత ఉంటే బరువు ఆ ముక్కది,” అని చెప్పేశాను.

పాపం, నమ్మింది. వారం రోజులు ప్రతి మాటలోనూ బరువును ఒక ముక్క ముందే వేసి సాధన చేసింది. కార్డియాలజీలో డి అక్షరాన్ని అది కందిపోయేదాకా నొక్కింది. ఆసుపత్రిలో నర్సు మీద ప్రయోగిస్తే, నర్సు ఆవిడ నోట్లో థర్మామీటరు పెట్టింది.

పరీక్షకు ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. గంటమ్మ డిక్షనరీ నా ఒళ్లో పడేసింది.

“బావా, డాక్టర్ అన్న మాట తియ్యి. గీత ఎక్కడుంది?”

చూశాను. మొదటి అక్షరం కన్నా ముందే ఉంది.

“దానికి ముందు ముక్క ఉందా?”

“లేదు.”

“మరి బరువెవరికి? గోడకా? అసలు నీకిది తెలుసా, తెలీదా?”

మా ఆవిడ లోపలి నుంచి, “తెలీదే. ఆయనకి తెలీదని నాకు పెళ్లయిన నాడే తెలుసు,” అంది.

“అది చివర పెట్టే చుక్క కాదు బావా,” అంది గంటమ్మ. “ఎత్తిన చెయ్యి. దెబ్బ పడేది దాని తర్వాతున్నదాని మీద.”

ఆ క్షణంలో సిస్టరు ఎత్తిన స్కేలు నాకు కళ్లకు కట్టింది. నా వేళ్లు వాటంతట అవే ముడుచుకున్నాయి.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఉప్పు దొరకలేదు. పేర్చిన ముక్కల్లో ఏది గట్టిగా పలకాలో దాని మీద గంటమ్మ ఉప్పు డబ్బా పెట్టేది. గీతలు కొన్ని మాటల్లో కింద కూడా ఉన్నాయని కనిపెట్టింది. పొడుగాటి మాటకు పెద్ద బరువు కాక ముందెక్కడో చిన్న బరువు ఉంటుంది, దానికి చెంచా పెట్టేది. మా తోడల్లుడు, అంటే ఆవిడ భర్త, ఆసుపత్రిలోనే అంబులెన్సు నడుపుతాడు. భోజనానికి కూర్చుని, “వదినా, ఉప్పేదీ?” అన్నాడు.

“రేడియాలజీ మీద ఉంది,” అంది గంటమ్మ.

“రోజూ జనాన్ని రేడియాలజీకి చేరుస్తున్నాను, అక్కడెప్పుడూ నాకు ఉప్పు కనిపించలేదే!”

ఉప్పు డబ్బా పెట్టీ తీసీ ఆవిడకు మాటల తోకలు అర్థమయ్యాయి. లజీతో ముగిసే మాట ఎంత పొడుగైనా ఉప్పు చివరి నుంచి మూడో ముక్క మీదే. ఇక్స్‌తో ముగిస్తే, ఆర్థోపెడిక్స్ లాగా, దానికి ముందున్న ముక్క మీద. షన్‌తో ముగిసినా అంతే. రిజిస్ట్రేషను కానీ, రిహాబిలిటేషను కానీ, తోక చూస్తే చాలు, తల ఎంత దూరంలో ఉన్నా భయం లేదు. అలాగే మత్తుకూ మత్తు డాక్టరుకూ తేడా పట్టుకుంది. మత్తుకు ఇంగ్లీషు మాట అనస్థీషియాలో ఉప్పు థీ మీద. అదే మాటకు డాక్టరు తోక తగిలిస్తే ఉప్పు ఒక ముక్క వెనక్కి నడిచి నీస్ మీద కూర్చుంటుంది. అ-నీస్-థ-టిస్ట్. మొదటి ముక్కకు బరువే లేదు.

“నేను బరువేసిన చోట అసలు ఏమీ లేదు బావా. అందుకే ఆయనకి వేరే మనిషి వినిపించింది,” అంది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ గొంతు ఎంత తగ్గిందంటే, మంగలి షాపులో ఎవరూ లేవలేదు.

పరీక్ష రోజు నేను నడుంనొప్పని చీటీ రాయించుకుని హాల్లో రోగుల బెంచీ మీద కూర్చున్నాను. పద్ధతి ఏమిటంటే, ఆరుగురు డాక్టర్లు మూడు అంతస్తుల్లో తలుపులు వేసుకుని కూర్చుంటారు. తన విభాగం పేరు మైకులో వినిపించినవాళ్లు కిందికి రావాలి. ఒక్కో పేరు ఒక్కసారే పిలవాలి. సూపరింటెండెంటుగారూ సర్జనుగారూ మెట్ల దగ్గర కుర్చీలు వేయించుకున్నారు.

టైపురైటరు ముందు వెళ్లాడు. టకటకటకా ఆరు పేర్లూ ఒక్క ఊపిరిలో కొట్టేశాడు. ఎముకల డాక్టరు వచ్చాడు, పిల్లల డాక్టరు వచ్చింది. కార్డియాలజీ, రేడియాలజీ ఒకేలా వినిపించి గుండె డాక్టరూ, ఎక్స్‌రే ఫిల్ములు తీసే డాక్టరూ మెట్ల మలుపులో ఎదురుపడి, “పిలిచింది నన్ను,” “కాదు నన్ను,” అని పోట్లాడుకుంటూ అక్కడే నిలిచిపోయారు. మిగతా ఇద్దరూ రానే లేదు.

డాక్టర్లను మళ్లీ పైకి పంపారు. గంటమ్మ అద్దాల గదిలోకి వెళ్లింది. కుర్చీ ఉన్నా కూర్చోలేదు. అప్పటికది ఆవిడ కుర్చీ కాదు. కుడి చెయ్యి గడ్డం కింద పెట్టుకుంది. ఒక పేరు పిలిచి, ఆగి, మెట్ల వైపు చూసింది. ఎముకల డాక్టరు దిగాడు. ఇంకో పేరు, పిల్లల డాక్టరు. మూడో పేరుకు ముందు చెంచా బరువు, తర్వాత ఉప్పు బరువు. గుండె డాక్టరు ఒక్కడే దిగాడు. నాలుగో పేరుకు ఫిల్ముల డాక్టరు ఒక్కడే దిగాడు, ఈసారి మెట్ల మీద పోట్లాట లేదు. అయిదోవాడు నరాల డాక్టరు. ఆరో పేరు మత్తు డాక్టరుది. గంటమ్మ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. అ-నీస్-థ-టిస్ట్.

పై అంతస్తులో తలుపు దడాలున తెరుచుకుంది. మత్తు డాక్టరు రెండేసి మెట్లు దిగుతూ వచ్చాడు.

హాల్లో రోగులు చప్పట్లు మొదలుపెట్టారు. సర్జనుగారు చెయ్యెత్తారు.

“ఇది బట్టీ. నెల రోజుల క్రితం కాగితం ఇచ్చాం, చిలకలాగా వల్లించింది. రేపు కొత్త విభాగం తెరిస్తే? చూడని మాట ఒకటి ఇవ్వండి. ఇద్దరికీ రాకపోతే మనిషే వద్దు, రికార్డు చేసిన మిషను పెట్టుకుందాం.”

సూపరింటెండెంటుగారు క్షణం ఆలోచించి, చీటీ మీద ఒక మాట రాసి ముందు టైపురైటరుకు ఇచ్చారు. అతను చీటీ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, మైకులో టకటకలాడించాడు. ఎవరూ దిగలేదు. చీటీ గంటమ్మ చేతికి వచ్చింది. మెట్ల వరకూ పాకేంత పొడుగు మాట. ఓటోరైనోలారింగాలజీ.

“పెద్దమ్మగారూ, ఒక్క నిమిషం ఇస్తారా?”

“తీసుకో.”

గంటమ్మ గడ్డం చేతిని తాకడం నేను బెంచీ మీద నుంచి లెక్కపెట్టాను. తొమ్మిదిసార్లు. ఆ తర్వాత ఆవిడ చూపుడువేలు చీటీ చివరికి వెళ్లింది. చివర లజీ ఉంది. వేలు వెనక్కి నడిచింది. ఒకటి. రెండు. మూడు. అక్కడ ఆగింది. నా నడుంనొప్పి ఎటు పోయిందో, నిలబడ్డాను.

గంటమ్మ మైకు దగ్గరికి వంగి పిలిచింది. మొదటి ఆరు ముక్కలూ గబగబా మెట్లెక్కుతున్నట్టు సాగాయి. ఏడో ముక్క, గా, కిటికీ అద్దాలు అదిరేలా మోగింది. చివరి రెండూ ఊపిరిలా జారిపోయాయి.

సర్జనుగారు గడియారం చూసుకున్నారు.

మూడో అంతస్తు చివరి గది నుంచి ఒక పెద్దాయన నుదుటి మీద గుండ్రటి అద్దంతో, చేతిలో చెవిలోకి చూసే దీపంతో పరుగెత్తుకుంటూ వచ్చాడు. చెవి ముక్కు గొంతు డాక్టరు. ఈ పరీక్ష సంగతే ఆయనకు తెలియదు. పదకొండేళ్లుగా ఆయన్ని అందరూ మూడు పొడి అక్షరాలతోనే పిలిచారు.

“ఎవరు పిలిచింది నన్ను?” అన్నాడు రొప్పుతూ. “నా విభాగం పూర్తి పేరు నేను పట్టా పుచ్చుకున్న రోజు విన్నాను. మళ్లీ ఇవాళే వినడం.”

హాలు హాలంతా లేచింది. కట్టు కట్టిన చేతులతో చప్పట్లు కొట్టలేనివాళ్లు కాళ్లతో నేల తన్నారు. కాళ్లకు కట్టున్నవాళ్లు చంకకర్రలతో మోత మోగించారు. మా తోడల్లుడు బయట అంబులెన్సు సైరను వేశాడు. అది నిజంగా వేశాడు, మెమో కూడా వచ్చింది.

సర్జనుగారు మెల్లిగా లేచి అద్దాల గది దాకా వెళ్లారు. “ఆ రోజు నేనన్న మాట,” అని మొదలుపెట్టి, ఎలా ముగించాలో తెలియక, కుర్చీని గంటమ్మ వైపు జరిపారు. “కూర్చోండి.”

గంటమ్మ కూర్చుంది. పందొమ్మిదేళ్లలో ఆ భవనంలో ఆవిడ డ్యూటీలో కూర్చోవడం అదే మొదలు.

ఇప్పటికి ఆరేళ్లయింది. వాలుదారి ఎక్కే పని లేక మోకాళ్లు కుదుటపడ్డాయి. కొత్తగా చేరే నర్సులు వారంపాటు మధ్యాహ్నాలు అద్దాల గదిలో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చోవాలని సూపరింటెండెంటుగారి ఆర్డరు. మొదటి బ్యాచిలో ముందు బెంచీ టైపురైటరుది. ఇప్పుడతను కూడా ఆగి ఆగి మాట్లాడతాడు.

ఇది రాసి మొన్న గంటమ్మకు మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. నవ్వకుండా విని, కళ్లజోడు తీసి తుడుచుకుంది.

“ఇందులో ఒక్క ముక్క నిజం లేదు బావా. పరీక్షా లేదు, పాడూ లేదు. మైకు దగ్గరికి మనిషి కావాలన్నారు, కూర్చున్నాను.”